ఎడమ జేబులో చెయ్యి

ఆ మనిషి గుమ్మంలో అడుగుపెట్టిన మొదటిరోజే ఆమె చూపు అతని ముఖం మీద కాదు, ఎడమ చేతి మీద పడింది. పలకరించాడు, కుర్చీ చూపిస్తే కూర్చోకుండా నేరుగా వెనక గదిలోకి వెళ్లాడు, కూతురు పనిచేసే బల్ల మీదికి వంగాడు. వంగాడో లేదో ఎడమ చెయ్యి ప్యాంటు జేబులోకి పోయింది. ఇక పని అయ్యేదాకా అది బయటికి రాలేదు. తీగ లాగడం, స్క్రూ తిప్పడం, పెట్టెను పక్కకు జరపడం అన్నీ కుడి చేత్తోనే. రెండు చేతులున్న మనిషి ఒక్క చేత్తో పనిచేస్తున్నాడంటే రెండో చేతికి వేరే పనేదో ఉందన్నమాటే అనుకుంది ఆమె.

అతను ట్రాన్స్‌ఫార్మర్లకు రాగితీగ చుట్టేవాడు. నాలుగు వీధుల అవతల ఒక మెట్లకింద గదిలో అతని చుట్టే మిషను ఉంటుంది. ఇంట్లో అందరూ చుట్టలాయన అంటారు. ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు ఆమె భర్త, "పొగ తాగేవాణ్ణి ఇంట్లోకి రానిస్తున్నావా, కర్టెన్లు కంపు కొడతాయే" అన్నాడు. అసలు సంగతి చెప్పాక నవ్వాడు. ఆమె మాత్రం నవ్వలేదు. ఆమెకు నవ్వే తీరిక లేదు, కూతురు ఎంచుకున్న పని అలాంటిది.

కూతురి పేరు ఏదైనా, ఇంట్లో పిచ్చుకే. చిన్నప్పుడు కంచంలో నాలుగు మెతుకులు పొడిచి లేచిపోయేది కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. పెద్దయ్యాక ఏ ఆఫీసులోనో ఫ్యాను కింద కూర్చుంటుందనుకుంటే, వెనక గదిలో బల్ల వేసుకుని ఇనప పెట్టెలు తయారుచేయడం మొదలుపెట్టింది. గాజు వాల్వులతో పాడే పాతకాలపు ఆంప్లిఫయర్లు ఉంటాయి కదా, వాటికి కరెంటు అందించే పెట్టెలు. గోడలోంచి వచ్చే కరెంటు వణుకుతూ వస్తుందట. వాల్వులకేమో వందలకొద్దీ వోల్టులు కావాలి, అదీ నిండుకుండలో నీళ్లలా కదలకుండా కావాలి. కొంచెం కదిలినా పాట వెనకాల గుర్రుమని చప్పుడు వస్తుంది. ఆ గుర్రును చంపడమే పిచ్చుక పని. ట్రాన్స్‌ఫార్మరు, దాని తర్వాత ఇనప చుట్ట, ఆ తర్వాత డబ్బాల్లాంటి కండెన్సర్లు, ఇలా ఒక్కొక్కటి దాటేసరికి వణుకు తగ్గుతూ వస్తుంది. "స్పీకరుకు చెవి ఆనించినా అది ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో తెలియకూడదమ్మా. అదీ మన పెట్టె గొప్ప" అని మురిసిపోతుంది.

ఆ గొప్పే తల్లికి గుండెల్లో రాయి. బుసకొట్టే పామునైతే తప్పించుకోవచ్చు. ఉన్నట్టే తెలియనివ్వని దాన్ని ఎలా తప్పించుకుంటారు?

ఆమెది బట్టలు సరిచేసే పని. ముందు గదిలో కిటికీ పక్కన మోటారు కుట్టుమిషను. వదులైనవి బిగించడం, పొడుగైనవి కత్తిరించడం, జిప్పులు మార్చడం. రెండు గదులకూ మధ్య ఉన్న తలుపును ఆమె ఏనాడో ఊడదీయించింది, గాలి ఆడటం లేదని చెప్పి. అసలు కారణం ఇంట్లో అందరికీ తెలుసు. మిషను ముందు కూర్చుంటే కూతురి వీపు, బల్ల, బల్ల మీది పెట్టె, పెట్టె ముందువైపు కందిగింజంత నారింజరంగు దీపం కనిపించాలి. ఆ దీపం మీదే ఆమె ప్రాణం.

దీపం సంగతి కూతురే చెప్పింది. ప్లగ్గు పీకేసినా కండెన్సర్ల కడుపులో కరెంటు నిలవ ఉంటుందట. మనిషిని చంపేంత. దాన్ని మెల్లగా కార్చేయడానికి ఒక రెసిస్టరు పెడతారు. పెట్టె ఆన్‌లో ఉన్నంతసేపూ, ఆపాక కారుతున్నంతసేపూ ఆ దారిలోనే ఉన్న దీపం వెలుగుతుంది, కారడం అయిపోగానే ఆరిపోతుంది. అది ఆరాక, ఇంకా మిగిలిందేమైనా ఉంటే పోయేలా కర్రకు తీగ కట్టిన సాధనంతో ఒకసారి లోపల తాకించి, అప్పుడు చెయ్యి పెట్టాలి. ఇది విన్న రోజునుంచీ పిచ్చుక స్విచ్చు ఆపినప్పుడల్లా తల్లి మిషను మీంచి కాలు తీసేస్తుంది. దీపం గుడ్డిగా అయ్యి, మిణుకుమని, ఇక నావల్ల కాదన్నట్టు ఆరేదాకా చూసి, ఊపిరి వదిలి, మళ్లీ కుట్టు మొదలుపెడుతుంది.

ఇంతలో పళ్లడాక్టరు పెట్టె వెనక్కి వచ్చింది. ఆయన సాయంత్రాలు రికార్డులు వింటాడు. పిచ్చుక చేసిన పెట్టెను నలుగురికి చూపించి మెచ్చుకున్నది ఆయనే. ఇప్పుడు, "గుర్రు లేదమ్మా, కానీ ఉండుండి చిటపటమంటోంది, ఎవరో పక్కన కూర్చుని కాగితం నలుపుతున్నట్టు" అంటూ తెచ్చి దింపాడు. పిచ్చుక ముఖం వాడిపోయింది. ట్రాన్స్‌ఫార్మరు చుట్టలో ఎక్కడైనా తీగకు దెబ్బ తగిలిందేమో చూడమని చుట్టలాయనకు కబురు పెట్టింది. ఆయన వచ్చి పెట్టె చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు తిరిగి, ఎడమ చెయ్యి జేబులోనే ఉంచుకుని, "నా చుట్టలో తప్పుండదమ్మాయ్. తీగ వేసేటప్పుడు నేను తుమ్ము వచ్చినా ఆపుకుంటాను" అన్నాడు. వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లాక పిచ్చుక సన్నమూతి పటకారు, నోస్ ప్లయరు, కనిపించలేదు.

"ఆయన తీసుకుపోయాడు" అంది తల్లి.

"ఆయనకెందుకమ్మా, ఆయన దగ్గర పది ఉంటాయి."

"పది ఉన్నవాడికే పదకొండోది కావాలి. ఆ చెయ్యి జేబులోంచి ఎందుకు తియ్యడో ఎప్పుడైనా అడిగావా?"

పిచ్చుక అప్పటికే పెట్టెలో తల దూర్చేసింది. తల్లి మాట పెట్టెలోకి పోలేదు.

ఉత్తరాలు ఊళ్లవారీగా వేరుచేసే ఉద్యోగం నుంచి భర్త వచ్చి కాళ్లు చాపుకున్నాడో లేదో ఆమె పక్కన చేరింది. "నాకు ఒకటి తోస్తోందండీ. ఆ చుట్టలాయన కావాలనే పాడు ట్రాన్స్‌ఫార్మరు ఇచ్చాడు. పిల్లకు చెడ్డపేరు వస్తే డాక్టరుగారు నేరుగా ఆయన దగ్గరికే పోతారు కదా."

"ఆయన చుట్టేవాడే. పెట్టెలు చెయ్యడు."

"ఇప్పుడు చెయ్యడు. ఇక్కడికొచ్చి ఎలా చెయ్యాలో చూస్తున్నాడుగా."

"కిందటి నెల పాలవాడు మన గేటు కొలతలు తీసుకుంటున్నాడన్నావు."

"తీసుకున్నాడా లేదా?"

"మంచుకు చేతులు రుద్దుకుంటున్నాడే బాబూ." ఆయన కళ్లు మూసుకున్నాడు. "నీ అనుమానానికి జీతమిచ్చేవాళ్లుంటే ఈపాటికి నేను ఉద్యోగం మానేసేవాణ్ణి."

"నవ్వండి. ఆ బల్ల దగ్గర కూర్చునేది మన పిల్ల. ఆ పెట్టెలో ఏది ఎటు తిప్పి పోయాడో, రేపు అది చెయ్యి పెడితే ఏమవుతుందో ఎవరికి తెలుసు?"

ఆయన కళ్లు తెరిచాడు. ఆ ఒక్క భయం మాత్రం ఆయనకూ ఉంది.

మర్నాడు పొద్దున పిచ్చుక టీ కూడా తాగకుండా బల్ల దగ్గర కూర్చుంది. కాసేపు సాల్డరింగ్ పొగ వచ్చింది. తర్వాత పెట్టె చప్పుడు వినడానికి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, "అమ్మా, మిషను ఆపు" అని అరిచింది. మోటారు తిరిగితే దాని రొద కరెంటు దారిలో వచ్చి ఆమె చెవుల్లో పడుతుందట. తల్లి ఆపింది. ఒక ప్యాంటు అంచు సగంలో సూది కింద ఆగిపోయింది. ఆమె తలెత్తి చూసింది.

పెట్టె స్విచ్చు వేసి ఉంది. ప్లగ్గు గోడలో ఉంది. పిచ్చుక కళ్లు మూసుకుని వింటోంది. కందిగింజ దీపం మాత్రం వెలగలేదు.

దీపం మాడిపోయిందా? లేక ఎవరైనా దాని పీక కోశారా? నిన్న ఆయన పెట్టె వెనక చాలాసేపు నిలబడ్డాడు. అడుగుదామంటే పిల్ల చెవులు మూసుకుపోయి ఉన్నాయి. దగ్గరికి వెళ్లి భుజం తట్టి ఉలిక్కిపడేలా చేస్తే అసలుకే మోసం. అందుకని కుర్చీలోంచి కదలకుండా, "పిచ్చుకా, తిండికి రా" అంది. వినపడలేదు. "ఏమే, చల్లారిపోతోంది" అంది. వినపడలేదు. మూడోసారి పిలిచేసరికి పిచ్చుక ఇయర్‌ఫోన్లు లాగేసి, స్విచ్చు ఆపి, ప్లగ్గు పీకి, వెలిగిపోతున్న ముఖంతో ఇటు తిరిగింది.

"దొరికిందమ్మా. చిటపట పోయింది."

"పోతే పోయింది. ముందు తిను. నిన్న సాయంత్రం నుంచీ నీ కడుపులో ఏముంది?"

"ఒక్క నిమిషం, ఇది అతికించేసి…"

"ఆ ఒక్క నిమిషం నీది గంట. లే." చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయి కంచం ముందు కూర్చోబెట్టింది. దీపం సంగతి అడగాలనుకుంది. పిల్ల ఆబగా తినడం చూసి, తినేటప్పుడు ఎందుకులే అని మింగేసింది.

సరిగ్గా అప్పుడే వీధి తలుపు చప్పుడైంది. చుట్టలాయన. తన చుట్టలో తప్పుందేమోనన్న మాట రాత్రంతా తలలో తిరిగినట్టుంది, ముఖం గంటు పెట్టుకుని ఉన్నాడు. "ట్రాన్స్‌ఫార్మరు విప్పి తీసుకెళ్తాను చెల్లెమ్మా. మా గదిలో పెట్టి పరీక్ష చేసి చూపిస్తాను. తప్పు నాదో కాదో తేలిపోవాలి" అన్నాడు.

వంటింట్లోంచి పిచ్చుక నోటినిండా ముద్దతో కేకేసింది. "మావయ్యగారూ, కూర్చోండి, వచ్చేస్తున్నా. మీకో మాట చెప్పాలి."

"చెబుదువుగానిలే, ఈలోపు నేను విప్పుతుంటాను. ప్లగ్గు తీసే ఉందా?"

"తీసేశాను."

అతను బల్ల దగ్గరికి నడిచాడు. ఆమె వెనకాలే నడిచింది. ఇవాళ వదిలేది లేదనుకుంది. అతను వంగాడు. ఎడమ చెయ్యి జేబులోకి పోయింది. కుడి చెయ్యి మూత స్క్రూలు విప్పింది.

"అన్నయ్యగారూ" అంది ఆమె. "మా నోస్ ప్లయరు కనిపించడం లేదు."

"ఎక్కడికిపోతుంది, పనివాళ్ల ఇంట్లో సామాను కాళ్లొచ్చి తిరుగుతుంది." అతను తలెత్తలేదు.

"కాళ్లొచ్చి కాదు, చేతులొచ్చి. మీరు వచ్చి వెళ్లాకే కనిపించడం లేదు." జేబు వైపు వేలు చూపించింది. "ఆ చెయ్యి ఒకసారి బయటికి తీస్తారా?"

అతను నిటారుగా నిలబడ్డాడు. కళ్లద్దాల వెనక కళ్లు చిన్నవయ్యాయి. కోపం వచ్చింది గానీ వయసు దాన్ని మింగేసింది. మెల్లగా ఎడమ చెయ్యి తీసి, అరచెయ్యి తెరిచి చూపించాడు. జేబు కూడా లాగి బయటికి తిప్పాడు. ఏమీ లేదు.

"చాలా చెల్లెమ్మా? ఇక దీన్ని ఇక్కడే పెడతాను, నీ కళ్లముందే" అని, ఆ చేతిని తీసుకెళ్లి పెట్టె ఇనప అంచు మీద గట్టిగా ఆనించాడు, సాక్ష్యం చెప్పేవాడిలా. "ఇప్పుడు పని చేసుకోనిస్తావా?"

ఆమెకు సిగ్గేసింది. అయినా కళ్లు ఆ మనిషిని వదల్లేదు. అతని కుడి చెయ్యి పెట్టె లోపలికి, కండెన్సర్ల పక్కనుంచి ట్రాన్స్‌ఫార్మరు తీగల వైపు వెళ్తోంది.

"దీపం ఆరేదాకా ముట్టకూడదంటుంది మా పిల్ల" అంది ఆమె, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"ఆరే ఉందిగా."

"ఆరలేదండీ. అది ఇవాళ వెలగనే లేదు."

చెయ్యి ఆగింది.

"వెలగలేదంటే?"

"ఇందాక పిల్ల వింటున్నప్పుడు స్విచ్చు వేసే ఉంది. దీపం మాత్రం లేదు. నా మిషను దగ్గర్నుంచి చూశాను. నిన్న మీరేదో చేశారేమోనని…" మిగతా మాట నోట్లోనే ఉండిపోయింది, ఎందుకంటే అతని ముఖంలో రంగు లేదు.

అతను కుడి చేతిని, నిద్రపోతున్న పసిపాప పక్కనుంచి తీసుకున్నట్టు, అంగుళం అంగుళం వెనక్కి తీసుకున్నాడు. ఎడమ చేతిని ఇనుము మీంచి ఎత్తాడు. రెండు అడుగులు వెనక్కి వేసి, గోడకు వేలాడుతున్న తీగ కట్టిన కర్రను అందుకుని, ఎడమ చేతిని మళ్లీ జేబులోకి తోసి, కర్ర కొసను లోపల తాకించాడు.

టపాకాయ పేలినట్టు పేలింది. నీలంగా ఒక మెరుపు. గదిలో కాలిన వాసన.

వంటింట్లో కంచం కింద పడింది. పిచ్చుక ఎంగిలి చేత్తోనే పరిగెత్తుకొచ్చింది. కర్ర చూసింది, పెట్టె చూసింది, జరిగింది అర్థమైనట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నేనే" అంది. "చిటపట ఆ కార్చే రెసిస్టరుదేనేమోనని, దాని ఒక కాలు ఊడదీసి విన్నాను. అదే. చప్పుడు పోయింది. దాన్ని మళ్లీ అతికించేలోపు… అది ఊడితే దీపం ఉండదు, కరెంటు కారదు. నాకు తెలుసు. మావయ్యగారూ, నాకు తెలుసు. మీరు అడిగితే ప్లగ్గు తీశానన్నాను గానీ…"

కూతురు, 'అమ్మ పిలిచింది' అనలేదు. అనకపోయినా తల్లికి వినపడింది.

చుట్టలాయన ఆమె కుట్టుమిషను ముందున్న కుర్చీలో కూలబడ్డాడు. మంచినీళ్లు అడిగాడు. గ్లాసు ఇస్తే రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆమె జీవితంలో మొదటిసారి ఆ రెండు చేతులూ ఒకేచోట చూసింది.

"ఆ చెయ్యి జేబులో ఎందుకుంటుందో తెలుసా చెల్లెమ్మా?" అన్నాడు గ్లాసు దించి. "ఒక చెయ్యి ఇనుము మీద, ఇంకో చెయ్యి కరెంటు మీద పడితే మధ్యలో ఉండేది గుండె. రెండో చెయ్యి జేబులో ఉంటే దానికి ఆ దారి దొరకదు. మా గురువు మాకు మొదట నేర్పింది చుట్టడం కాదు, జేబులో చెయ్యి పెట్టుకోవడం."

ఆమె గోడకు ఆనుకుంది. తీయమన్నది తనే. తెరిచి చూపించమన్నది తనే.

"నువ్వేం బాధపడకు" అన్నాడు అతను. "నీ అనుమానాల్లో ఒకటి నన్ను చంపబోయింది, ఇంకోటి ఆపింది. ఏది ఏదో తేల్చుకునే ఓపిక నాకిప్పుడు లేదు. కర్ర తాకించకుండా చెయ్యి పెట్టబోయింది నేను. కోపంగా వచ్చాను, అదీ తప్పు." పిచ్చుక వైపు తిరిగాడు. "ఏమ్మాయ్, మరి నా చుట్ట?"

"మీ చుట్ట బంగారం, మావయ్యగారూ. అదే చెబుదామనుకున్నాను."

"అయితే ముందే చెప్పాల్సింది" అని లేచి వెళ్లిపోయాడు.

తర్వాత కొన్నాళ్లు అతను రాలేదు. ఆమెకు తిండి సయించలేదు. కోపం వచ్చి ఉంటుంది. వీధిలో చెప్పి ఉంటాడు. లేదా ఆ రోజు గుండెకేమైనా అయ్యి మెట్లకింద గదిలో ఒక్కడే పడి ఉన్నాడేమో. భర్తను రెండుసార్లు ఆ వీధిగుండా నడిచి రమ్మంది. "చుట్టుకుంటున్నాడే, బాగానే ఉన్నాడు, నన్ను చూసి చెయ్యి కూడా ఊపాడు" అన్నాడు ఆయన. "ఏ చెయ్యి?" అంది ఆమె. ఆయనకు గుర్తులేదు.

ఈలోపు పిచ్చుక లోపలి తీగలన్నీ మార్చింది. ఇప్పుడు కార్చే రెసిస్టర్లు రెండు, దేని దారి దానిదే. ఒకటి ఊడినా రెండోది పని చేస్తుంది. దీపాన్ని వాటినుంచి విడదీసి నేరుగా కండెన్సర్లకే కట్టింది. లోపల కరెంటు ఉన్నంతసేపూ అది వెలగాల్సిందే. "ఇక అబద్ధం చెప్పదమ్మా" అంది. పెట్టె పళ్లడాక్టరు ఇంటికి వెళ్లింది. చిటపట లేదని ఆయన ఫోను చేశాడు.

ఒక మధ్యాహ్నం ఆమె మిషను సొరుగులో బాబిన్ కోసం వెతుకుతుంటే చేతికి చల్లగా తగిలింది. నోస్ ప్లయరు. గుడ్డలో విరిగిన సూదిముక్క లాగడానికి తనే తెచ్చుకుంది. అటూ ఇటూ చూసి, కూతురు స్నానాల గదిలో ఉన్నప్పుడు, తీసుకెళ్లి బల్ల మీద మిగతా సామాను కింద దూర్చింది.

సాయంత్రం చుట్టలాయన కొత్త ట్రాన్స్‌ఫార్మరు చంకలో పెట్టుకుని వచ్చాడు. ఏమీ జరగనట్టే పలకరించాడు. బల్ల మీదికి వంగాడు, చెయ్యి జేబులోకి పోయింది. ఆమె చూసింది. జేబు కుట్టు విడిపోయి, వేళ్లు కింద తొడ మీదికి వస్తున్నాయి.

"ఆ ప్యాంటు రేపు తెచ్చివ్వండి అన్నయ్యగారూ. జేబు చిరిగింది."

"ఎవరు చూస్తారులే."

"నేను చూస్తాను."

మర్నాడు కాగితంలో చుట్టి తెచ్చిచ్చాడు. అతను వెళ్లాక ఆమె జేబును లోపలినుంచి పూర్తిగా బయటికి తిప్పి వెలుతురులో పట్టుకుని చూసింది. వేలెడు రాగితీగ, వార్నిష్ వాసన, అంతే. తీగను కాసేపు అనుమానంగా చూసి, తీగ చుట్టేవాడి జేబులో తీగ ఉండక ఏముంటుందని పక్కన పెట్టింది. మందపాటి గుడ్డతో జేబు కొత్తగా వేసి, రెండు వరసలు కుట్టింది, ఆ చెయ్యి అందులోంచి ఎప్పుడూ జారిపోకుండా.

మిగిలిన గుడ్డ చూస్తే ఇంకొక ఆలోచన వచ్చింది. పిచ్చుక పనికి వేసుకునే చొక్కాలకు జేబులే లేవు. ఆ రోజునుంచీ ఆ పిల్ల రెండో చెయ్యి వీపు వెనక పెట్టుకుని, మరిచిపోయి ముందుకు తెస్తూ పనిచేస్తోంది. అన్ని చొక్కాలూ తెచ్చి, ఎడమవైపు మోచేతి కింది దాకా లోతుండే జేబులు వేసింది.

"ఇదేంటమ్మా, కంగారూలా ఉన్నాను" అంది పిచ్చుక.

"ఉండు. చెయ్యి పెట్టి చూపించు."

పెట్టింది. సరిపోయింది. అదే చొక్కాతో బల్ల దగ్గర కూర్చుని, "మిషను ఆపు" అంది. ఆమె ఆపింది. కొత్త పెట్టెలో ఏ చప్పుడూ లేదు. ఇయర్‌ఫోన్ల కింద పిచ్చుక పెదవుల మీద నవ్వు మాత్రం కనిపించింది. వీధిలో ఎవరో పిలిచినట్టయితే ఆమె కిటికీలోంచి ఒకసారి బయటికి చూసింది. ఎవరూ లేరు. ఇటు తిరిగేసరికి స్విచ్చు ఆపేసి ఉంది, దీపం ఆరిపోయి ఉంది, కూతురు కర్ర కోసం చెయ్యి చాపుతోంది.

"ఆగు. ఇందాక అది వెలిగిందా?"

"వెలిగిందమ్మా."

"నేను చూడలేదు" అంది ఆమె, మిషను మీద కాలు పెట్టకుండా. "మళ్లీ వేసి ఆర్పు."